కణం నుంచి కరెంటు దాకా: సీమ పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే సైన్సు సందేహాలు

ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా సైన్సు చెప్పే ఎవరికైనా కొన్ని ప్రశ్నలు ఏటా ఎదురవుతాయి. పిల్లలు మారతారు గానీ ప్రశ్నలు మారవు. కర్నూలు, అనంతపురం, కడప వైపు బడుల్లో పిల్లలు, అప్పుడప్పుడు వాళ్ల అమ్మానాన్నలు అడిగినవాటిని వాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టాను. ఉదాహరణలు కూడా మన చుట్టుపక్కలవే. వీటిలో సగానికి పైగా సందేహాలు ఒకే చోట పుడతాయి: ఏదో మాయమైపోయిందనో, ఎక్కడి నుంచో ఊడిపడిందనో అనుకోవడం దగ్గర. అందుకే చాలా జవాబుల్లో వస్తువు లెక్క, శక్తి లెక్క రాస్తూ పోయాను. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికే వెళ్లి చదువుకోవచ్చు.

## కణం పాఠం మొదలుపెట్టినప్పుడు

సార్, రాయిలోనూ కణాలుంటాయంటారు, మనలోనూ కణాలుంటాయంటారు. అంటే రాయికీ ప్రాణమున్నట్టేనా?

లేదు. జీవశాస్త్రం పాఠంలో వచ్చేది జీవకణం. దానికి పొర ఉంటుంది, లోపల పనిచేసే భాగాలుంటాయి, అది తిండి తీసుకుని శక్తి వాడుకుంటుంది. పదార్థం పాఠంలో వచ్చే కణాలు అణువులు, పరమాణువులు. వాటికి ప్రాణంతో పనిలేదు. రెండింటి సైజు చూస్తే గందరగోళం పోతుంది. మన ఎర్ర రక్తకణం అడ్డుకొలత మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కన ఏడెనిమిది వంతులు. అంత చిన్న దాంట్లో నీటి అణువులే లక్ష కోట్లకు పైగా ఉంటాయి. రాయి, నీళ్లు, గాలి, మనిషి అన్నీ అణువులతోనో పరమాణువులతోనో తయారైనవే. జీవకణాలు మాత్రం ప్రాణులకే.

ఎర్రగడ్డ పొరలో కనిపించే గదులు బతికున్నవా, చచ్చినవా?

ఏ పొర తీశారన్నదాన్ని బట్టి ఉంటుంది. పైన కాగితంలా ఎండి రాలిపోయేది చచ్చిన పొర. లోపలి కండగల రెబ్బ వెనక్కి విరిస్తే దాని గుంట వైపు నుంచి పలచగా, గాజులా ఊడివచ్చే పొర బతికున్నది. కర్నూలు మార్కెట్ యార్డులో నెలల తరబడి మూటల్లో ఉన్న ఎర్రగడ్డ కూడా తడి తగలగానే మొలకెత్తుతుంది, చచ్చినదైతే మొలకెత్తదు కదా.

1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చూసిన గదులు మాత్రం నిజంగానే ఖాళీవి. బెరడులో ప్రాణం పోయి గోడలు మాత్రమే మిగిలాయి, ఆయన చూసింది ఆ గోడలనే. బతికున్న సూక్ష్మజీవులను ఆ తర్వాత పదేళ్లకు కాస్త అటూఇటూగా హాలండ్ బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ చూశాడు. కేంద్రకానికి పేరు పెట్టింది రాబర్ట్ బ్రౌన్, 1831లో. మీ స్లైడు మీద ఒక చుక్క అయోడిన్ వేస్తే ప్రతి గదిలో ఒక పక్కకు గోధుమ రంగు చుక్క తేలుతుంది. అదే కేంద్రకం.

మొక్క కణమైతే పచ్చగా ఉండాలి, ఎర్రగడ్డ కణంలో హరితరేణువులు ఏవి?

ఉండవు. హరితరేణువుల పని వెలుతురుతో ఆహారం తయారుచేయడం. గడ్డ పెరిగేది మట్టిలో, చీకట్లో. అదే మొక్క పైనున్న కాడలో అవి పుష్కలంగా ఉంటాయి. బొమ్మ వేసేటప్పుడు "మొక్క కణం" అన్న బొమ్మలో వాటిని వేయండి, "ఎర్రగడ్డ పొర కణం" అని అడిగితే వేయొద్దు. ఇక్కడ మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

గుడ్డు మొత్తం ఒకటే కణమా?

పచ్చసొన ఒకటే కణం. తెల్లసొన, పెంకు దాని చుట్టూ తర్వాత చేరినవి, అవి కణంలో భాగం కావు. ఈ మాట ఫారం గుడ్డుకు, అంటే పుంజు కలవని గుడ్డుకు వర్తిస్తుంది. ఇంట్లో పొదగేసే నాటుకోడి గుడ్డులో పెట్టేనాటికే ఆ ఒక్కటి విడిపోయి వేల కణాలు అయివుంటాయి.

ఏనుగు కణాలు పెద్దవి, చీమ కణాలు చిన్నవి కదా?

కావు, దాదాపు ఒకే సైజు. ఏనుగులో కణాల సంఖ్య ఎక్కువ. మనిషిలోనే 30 లక్షల కోట్లకు పైగా ఉంటాయని అంచనా. కణం ఎందుకు పెద్దగా పెరగదో లెక్క వేసి చూడండి. ఒక్కో అంచు 1 ఉన్న ఘనానికి ఉపరితలం 6, ఘనపరిమాణం 1. అంచు 10 చేస్తే ఉపరితలం 600, ఘనపరిమాణం 1000. అంటే లోపల తిండి అడిగేది వెయ్యి రెట్లు పెరిగింది, తిండి వచ్చే గోడ వందరెట్లే పెరిగింది. అందుకే కణం ఒక సైజు దాటాక పెరగడం మాని రెండుగా విడిపోతుంది.

మామిడికాయ ముక్కలకు ఉప్పు కలిపి పెడితే తెల్లారేసరికి ఊట ఎక్కడి నుంచి వస్తుంది? మనం నీళ్లు పోయలేదు కదా.

ముక్కలోని కణాల్లోంచే. కత్తి తగిలిన చోట కొన్ని కణాలు తెగినా, మిగతావి నిండా నీళ్లతో ఉంటాయి. ముక్క మీది తడిలో ఉప్పు కరగగానే బయట చిక్కటి ఉప్పునీరు తయారవుతుంది. కణం చుట్టూ ఉన్న త్వచం నీటిని సులువుగా పోనిస్తుంది, ఉప్పును అంత సులువుగా లోపలికి రానివ్వదు. దాంతో నీళ్లు లోపలి నుంచి బయటికి, అంటే ఉప్పు ఎక్కువున్న వైపుకి నడుస్తాయి. దీన్నే ద్రవాభిసరణ అంటారు. ముక్క ముడుచుకుని మెత్తబడేది అందుకే. ముక్కనూ ఊటనూ కలిపి తూచండి, నిన్న వేసిన ముక్కల బరువు, ఉప్పు బరువు కలిపితే ఎంతో అంతే వస్తుంది.

ఊరగాయ ఏడాదిపాటు చెడిపోకపోవడంలో కూడా ఇదే పని జరుగుతుంది. దాంట్లో పడిన బాక్టీరియా ఒంట్లోని నీళ్లను ఉప్పు లాగేస్తుంది. పొలంలో యూరియా మోతాదు మించితే పైరు మాడిపోవడం కూడా ఇదే. వేళ్లు మట్టిలోంచి నీళ్లు తీసుకోవాల్సింది పోయి మట్టికే నీళ్లు ఇచ్చుకుంటాయి. రైతు పిల్లలకు ఈ పాఠం ఇలా మొదలుపెడితే మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

రాత్రిపూట చింతచెట్టు కింద పడుకోకూడదంటారు. చెట్టు మన ఆక్సిజన్ తీసేసుకుంటుందా?

చెట్టు పగలూ రాత్రీ ఎప్పుడూ శ్వాసిస్తూనే ఉంటుంది, రాత్రి మాత్రమే కాదు. పగలు కిరణజన్య సంయోగక్రియ, అంటే వెలుతురుతో ఆహారం తయారుచేసే పని, అంతకు ఎన్నో రెట్లు జరుగుతుంది కాబట్టి ఆక్సిజన్ బయటికి వస్తున్నట్టు కనిపిస్తుంది. రాత్రి అది ఆగి శ్వాసక్రియ ఒక్కటే మిగులుతుంది. ఆరుబయట గాలి కదులుతూ ఉంటుంది, చెట్టు వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల ఎవరికీ ఏమీ కాదు. మీ పక్కన మంచం మీద పడుకున్న మనిషి కూడా అదే వాయువు వదులుతున్నాడు, ఆయన్ను చూసి భయపడం కదా. చెట్టు కింద పాములు, తేళ్లు తిరుగుతాయంటే అది వేరే మాట.

తిన్న సంగటి నేరుగా కణాల్లోకి పోతుందా? శక్తి ఎప్పుడు వస్తుంది?

సంగటిలో ఉన్నది పిండిపదార్థం. అది పేగుల్లో గ్లూకోజుగా విడిపోయి, రక్తంలో కలిసి, ప్రతి కణానికీ చేరుతుంది. కణంలో, ముఖ్యంగా దాని లోపలి మైటోకాండ్రియా అనే భాగాల్లో, గ్లూకోజు ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్, నీరు అవుతుంది. ఈ క్రమంలో వచ్చే శక్తిని కణం ఏటీపీ అనే అణువులో దాచుకుంటుంది. గ్లూకోజు ఐదువందల నోటు అనుకుంటే ఏటీపీ చిల్లర. కండరం ముడుచుకోవాలన్నా, నరంలో సంకేతం పోవాలన్నా కణం ఖర్చుపెట్టేది ఆ చిల్లరే.

ఈ ఏటీపీ కథలో మన తెలుగాయన ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేశారు. కండరంలో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో బయటపెట్టారు. 1929లో ఏటీపీని వేరుచేసినవాళ్లలో వాళ్లిద్దరూ ఉన్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా దాన్ని కనుక్కున్నాడు. మైటోకాండ్రియాను "కణ శక్త్యాగారం" అని ఒక్క ముక్కలో బట్టీ పట్టేకన్నా ఈ కథ చెబితే పిల్లలకు గుర్తుంటుంది.

## పదార్థం దగ్గరికి వచ్చాక

గాలికి బరువుందంటే నమ్మబుద్ధి కావడం లేదు.

పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గది తీసుకోండి. దాని ఘనపరిమాణం దాదాపు 28 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు గాలి ద్రవ్యరాశి కిలోకు కాస్త ఎక్కువ, మన ఎండలకు 1.1 కిలోలు అనుకోవచ్చు. అంటే గదిలో 30 కిలోల గాలి ఉంది. పాతిక కిలోల బియ్యం మూట కన్నా ఎక్కువే. ఆ బరువు మనకు తెలియకపోవడానికి కారణం, గాలి మనల్ని పైనుంచే కాక అన్ని వైపుల నుంచీ నొక్కడం.

తిమ్మమ్మ మర్రిమాను అంత పెద్దదైంది. ఆ కట్టె అంతా మట్టిలోంచే వచ్చిందా? మరి కింద గుంత పడలేదేం?

ఈ ప్రశ్న అడిగిన పిల్లకు ఏ పరీక్ష పెట్టకుండానే మార్కులు వేసేయొచ్చు. కదిరి దగ్గరి ఆ మర్రి దాదాపు ఐదెకరాలు కమ్ముకుంది. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అంత కట్టె మట్టిలోంచి వచ్చి ఉంటే అక్కడ చెరువంత గుంత పడాలి.

ఇదే అనుమానం నాలుగు వందల ఏళ్ల కింద వాన్ హెల్మాంట్ అనే యూరప్ శాస్త్రవేత్తకు వచ్చింది. ఆయన 200 పౌండ్ల ఎండుమట్టిని తొట్టిలో పోసి 5 పౌండ్ల విల్లో మొక్క నాటాడు. ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌండ్లయింది. మట్టి తగ్గింది సుమారు 2 ఔన్సులే, అంటే 57 గ్రాములు. చెట్టంతా నీళ్లతోనే తయారైందని ఆయన తేల్చాడు. సగం నిజం. గాలి లెక్క ఆయన వేయలేదు.

ఎండిన కట్టెలో దాదాపు సగం బరువు కార్బన్. అదంతా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చింది. ఆకుల కింది పత్రరంధ్రాల గుండా లోపలికి పోయి, నీటితో కలిసి, వెలుతురు శక్తితో చక్కెరగా మారి, చివరికి కట్టె అయింది. కట్టె కాల్చినప్పుడు ఆ కార్బన్ తిరిగి గాలిలోకే పోతుంది. మిగిలిన పిడికెడు బూడిద మాత్రమే మట్టి ఇచ్చిన వాటా.

"మరి ఎరువులెందుకు వేస్తాం?" అని రైతు బిడ్డ అడుగుతాడు, అడగాలి కూడా. నత్రజని, భాస్వరం, పొటాష్ కొంచెమే కావాలి, కానీ ఆ కొంచెం లేకపోతే కణంలో ప్రోటీన్లు, డీఎన్‌ఏ తయారు కావు. బరువులో తక్కువైనంత మాత్రాన అవసరంలో తక్కువ కాదు.

వంటింటి కడప బండ మీద నిమ్మరసం పడితే మచ్చ పోదెందుకు?

అది మరక కాదు కాబట్టి. కడప బండ సున్నపురాయి జాతిది, అందులో ముఖ్యమైనది కాల్షియం కార్బొనేట్. నిమ్మరసంలోని ఆమ్లం దాన్ని తినేస్తుంది, కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది. నునుపు చేసిన పైపొర కరిగిపోయి గరుకు మిగులుతుంది. తుడిస్తే పోవడానికి అక్కడ ఏదీ అంటుకోలేదు, ఉన్నదే పోయింది. మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. గ్రానైట్ మీద నిమ్మరసం ఇలా చేయదు.

బెలుం గుహలు కూడా ఈ పద్ధతిలోనే ఏర్పడ్డాయి. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారి, సున్నపురాయి పగుళ్లలో లక్షల ఏళ్లు పారింది. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహల్లో ఒకప్పుడు ఉన్న రాయి నీటితో పాటు కొట్టుకుపోయింది. పైకప్పు నుంచి చుక్క చుక్కగా కారిన నీరు ఆ రాయిని కొంత తిరిగి ఇచ్చింది, వేలాడే స్తంభాలు అలా పెరిగినవే.

సున్నానికి నీళ్లు పోస్తే పొయ్యి లేకుండానే కుతకుత ఉడుకుతుంది. ఆ వేడి ఎక్కడిది?

బట్టీలో పెట్టిన వేడే. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడిసున్నం మిగులుతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం, 44 కిలోల వాయువు వస్తాయి. కూడితే మళ్లీ 100. బట్టీలో ఖర్చయిన వేడిలో కొంత ఆ సున్నంలో రసాయన శక్తిగా నిలిచి ఉంటుంది. నీళ్లు పోయగానే సున్నం నీటితో కలిసి వేరే పదార్థమవుతుంది, ఆ శక్తిలో ఒక భాగం వేడిగా బయటికి వస్తుంది. ఆ సున్నం గోడకు వేశాక నెమ్మదిగా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మళ్లీ సున్నపురాయే అవుతుంది. వెల్ల వేసిన గోడ ఆరేకొద్దీ గట్టిపడటం చూసే ఉంటారు.

"రసాయన మార్పు వెనక్కి రాదు" అని చాలా నోట్సుల్లో రాయిస్తారు. నాకు ఆ వాక్యం నచ్చదు. రాయి సున్నమై, సున్నం మళ్లీ రాయి కావడం మన ఊళ్లలో ఇంటింటికీ తెలుసు. "కొత్త పదార్థం ఏర్పడుతుంది" అని రాస్తే సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త. ఉడికే సున్నం కంట్లో పడితే చూపు పోగలదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

తొలకరికి జొన్నగిరి చేలల్లో వెతికే వజ్రం, పెన్సిల్ ముల్లు రెండూ ఒకటే పదార్థమా? నవ్వులాటకి అంటున్నారా?

నవ్వులాట కాదు. పెన్సిల్ ముల్లులో కొంత బంకమట్టి ఉంటుంది, మిగతాది గ్రాఫైట్. గ్రాఫైట్, వజ్రం రెండూ కార్బన్ ఒక్కదానితోనే తయారైనవి. గ్రాఫైట్‌లో పరమాణువులు పొరలు పొరలుగా ఉంటాయి, పొరకూ పొరకూ మధ్య పట్టు బలహీనం, అందుకే కాగితం మీద రాలిపోయి గీత పడుతుంది. వజ్రంలో ప్రతి పరమాణువూ నాలుగు వైపులా నలుగుర్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. పదార్థం గుణం దేనితో తయారైందన్నదాని మీదే కాదు, ఎలా అమరిందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.

1797లో ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త స్మిత్‌సన్ టెనాంట్ వజ్రాన్ని కాల్చి చూపించాడు. దాని బరువుకు సమానమైన బొగ్గు కాలిస్తే ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుందో అంతే వచ్చింది, మరేమీ మిగల్లేదు. వజ్రాలు ఏర్పడేది భూమిలోపల 150 కిలోమీటర్లకు కింద. అక్కడి నుంచి కింబర్లైట్ అనే రాతి గొట్టాలు వాటిని పైకి మోసుకొచ్చాయి. అలాంటివి అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర ఉన్నాయి. వాన మట్టిని కడిగేస్తే రాయి బయటపడుతుంది, అందుకే జనం తొలకరి కోసం కాచుకుంటారు.

మంగంపేట రాయి చేత్తో ఎత్తితే అంత బరువేంది? చూస్తే చిన్నదే కదా.

పాత కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి, అంటే బెరైటీస్, సాంద్రత నీటికి నాలుగున్నర రెట్లు. మామూలు సున్నపురాయిది 2.7 రెట్లు. అందులోని బేరియం పరమాణువులు చాలా బరువైనవి. పెట్రోలు బావులు తవ్వేటప్పుడు కింది నుంచి ఎగదన్నే ఒత్తిడిని అణచడానికి ఈ పొడి కలిపిన బురదనే పోస్తారు.

కొత్త కుండలో నీళ్లు ఎండాకాలం చల్లగా ఉంటాయి, వానాకాలం ఎందుకు ఉండవు?

కుండ గోడ సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు అలా ఆవిరి కావడానికి 2,400 జౌళ్ల వేడి కావాలి (జౌలు అంటే శక్తిని కొలిచే ప్రమాణం). అది లోపలి నీళ్ల నుంచే తీసుకుంటుంది. మన ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది, ఆవిరి త్వరగా అవుతుంది. వానాకాలం గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, ఆవిరి నెమ్మదిస్తుంది. అనంతపురంలో బాగా పనిచేసే నీళ్ల కూలరు నెల్లూరులో ఉక్కపోత పెంచడానికి కూడా కారణమిదే.

ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసు బయట నీళ్లు ఎక్కడివి? గాజు ఊరుతుందా?

గాజు ఊరదు. ఆ నీళ్లు గాలిలోని ఆవిరి, చల్లటి గాజు తగిలి నీరైంది. ఏప్రిల్ ఎండలో ఇవి తక్కువగా, ఆగస్టులో ఎక్కువగా కనిపిస్తాయి, గమనించండి.

గ్యాస్ సిలిండర్ అంటారు, ఊపితే లోపల ద్రవం చప్పుడు వస్తుందేం?

ఎక్కువ ఒత్తిడి పెడితే వంటగ్యాస్‌లోని వాయువులు ద్రవమవుతాయి. ఇంటి సిలిండర్‌లోని 14.2 కిలోలు చాలావరకు ద్రవమే. వాల్వు తిప్పగానే పైన ఒత్తిడి తగ్గి ద్రవం కొంచెం కొంచెంగా వాయువుగా మారి పొయ్యికి వస్తుంది. ఆ వాయువుకు సొంత వాసన దాదాపు లేదు, లీకైతే తెలియాలని వాసన కలుపుతారు.

## శక్తి పాఠంలో తడబడేవి

మన కర్నూలు ఎండకు సోలార్ ప్యానెల్ ఇంకా ఎక్కువ కరెంటు ఇస్తుంది కదా?

వెలుతురుకు ఇస్తుంది, వేడికి ఇవ్వదు. ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలిచి రాస్తారు. అంతకు మించి ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 16 శాతం పోయినట్టే. గని, శకునాల అనే ఊళ్ల ప్రాంతంలో సోలార్ పార్కు పెట్టడానికి కారణం మబ్బులేని రోజులు ఎక్కువ ఉండటం, సాగుకు అంతగా పనికిరాని విశాలమైన నేల దొరకడం. వేడి అక్కడ లాభం కాదు, నష్టమే.

ఆ పార్కు వెయ్యి మెగావాట్లంటారు, మా ఇంటి బిల్లులో యూనిట్లుంటాయి. రెండూ ఒకటేనా?

కావు. పెద్దవాళ్లు కూడా ఇక్కడే ఎక్కువ పొరబడతారు. మెగావాటు శక్తి ఎంత వేగంగా వస్తోందో చెబుతుంది. యూనిట్ మొత్తం ఎంత శక్తి వచ్చిందో చెబుతుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు నడిస్తే ఒక యూనిట్, అంటే 36 లక్షల జౌళ్లు. 75 వాట్ల ఫ్యాను అదే యూనిట్‌తో పదమూడు గంటలకు పైగా తిరుగుతుంది.

వెయ్యి మెగావాట్లు అంటే పది లక్షల కిలోవాట్లు. పార్కు పూర్తి సామర్థ్యంతో గంటసేపు పనిచేస్తే పది లక్షల యూనిట్లు. నెలకు వంద యూనిట్లు కాల్చే ఇళ్లు పదివేలుంటే, వాటి నెల కరెంటు ఆ గంటలో వచ్చినట్టు. కానీ రాత్రి సున్నా, పొద్దున సాయంత్రం కొంచెం, మబ్బు పడితే ఇంకా తక్కువ. ఏడాది సగటు తీస్తే పూర్తి సామర్థ్యంలో పాతిక శాతానికి అటూఇటూ ఉంటుంది. పేపర్లో "ఇన్ని మెగావాట్లు" అని చదివినప్పుడు, ఎన్ని గంటలు అన్న ప్రశ్న వేసుకోకపోతే లెక్క తేలదు.

శక్తి నశించదంటారు, మళ్లీ కరెంటు ఆదా చేయమంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. ముద్దనూరు వైపున్న రాయలసీమ థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలుస్తారు. ఇలాంటి కేంద్రాల్లో బొగ్గులో ఉన్న శక్తిలో దాదాపు మూడో వంతే కరెంటు అవుతుంది. మిగతా రెండొంతులు పొగగొట్టం నుంచి, నీళ్లు చల్లబరిచే టవర్ల నుంచి వేడిగా పోతాయి. ఆ శక్తి నశించలేదు, గాలిలో ఉంది. కానీ అంతటా పలచగా పరుచుకుపోయిన ఆ వేడితో మళ్లీ ఒక బల్బు వెలిగించలేం. ఆదా చేయమనేది పనికొచ్చే రూపంలో ఉన్న శక్తిని.

శ్రీశైలంలో కిందికి వదిలిన నీళ్లను మళ్లీ పైకి ఎక్కిస్తారట. నష్టమే కదా?

నష్టమే, తెలిసి చేసే నష్టం. ఎడమగట్టు కేంద్రంలోని యంత్రాలు రెండు వైపులా తిరగగలవు. నీరు దిగుతుంటే కరెంటు తీస్తాయి, కరెంటు ఇస్తే నీటిని ఎక్కిస్తాయి. ఎక్కించడానికి వంద యూనిట్లు పడితే దించినప్పుడు డెబ్బై అయిదు, ఎనభై దాకా తిరిగి వస్తాయి. మిగతాది రాపిడిలో, యంత్రాల వేడిలో పోతుంది. ఐనా ఎందుకంటే, కరెంటును మూటకట్టి దాచలేం, నీటిని ఎత్తున దాచగలం. మధ్యాహ్నం సోలార్ కరెంటు మిగిలిపోతుంది, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చాలదు. పాణ్యం దగ్గరి పిన్నాపురం ప్రాజెక్టు ఈ పని కోసమే కట్టింది.

ఎత్తులో ఎంత దాగుతుందో చూడండి. ఒక టన్ను నీటిని వంద మీటర్లు ఎత్తితే దాని స్థితిజ శక్తి 9.8 లక్షల జౌళ్లు. అంటే యూనిట్‌లో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. అందుకే జలాశయాలు అంత పెద్దవి కావాలి.

బుడ్డ గింజ కాల్చి నీళ్లు కాచే ప్రయోగంలో మాకు చాలా తక్కువ వచ్చింది. తప్పు చేశామా?

తప్పు చేయలేదు. వేరుశనగ గింజలో గ్రాముకు 5.6 కిలోకేలరీల దాకా శక్తి ఉంటుంది. అరగ్రాము గింజ పూర్తిగా కాలి, ఆ వేడంతా 50 మిల్లీలీటర్ల నీటికి చేరితే 56 డిగ్రీలు పెరగాలి. మీకు పదిహేనో, ఇరవయ్యో వచ్చి ఉంటుంది. మిగతాది గాలికి పోయింది, నీళ్లున్న గొట్టాన్ని వేడిచేసింది, మసిలో కాలకుండా మిగిలింది. రికార్డులో 56 అని దిద్దకండి. మీకు వచ్చిందే రాసి, మిగతాది ఎక్కడికి పోయిందో రెండు వాక్యాలు రాయండి. దిద్దేవాళ్లకు ఆ రెండు వాక్యాలే కావాలి. గింజ నూనెతో మండుతుంది కాబట్టి టీచరు పక్కన లేకుండా చేయొద్దు.

సంచి భుజాన వేసుకుని బడి దాకా నడిచా, చెమటలు పట్టాయి. పని సున్నా అంటారేం?

సంచి మీద గురుత్వానికి ఎదురుగా జరిగిన పని సున్నా, ఎందుకంటే సంచి ఎత్తు మారలేదు. 5 కిలోల సంచిని నేల మీంచి మీటరు ఎత్తితే 49 జౌళ్లు. మిద్దె మెట్లెక్కితే ఇంకా ఎక్కువ. సమతలం మీద నడిచినప్పుడు మీకు అలసట రావడం మీ కండరాల లెక్క. అవి బరువును నిలబెట్టడానికే క్షణక్షణం శక్తి ఖర్చుచేస్తాయి, ఆ శక్తి వేడిగా మారి చెమట పట్టిస్తుంది.

ఫ్యాను గాలిని చల్లబరుస్తుందా?

లేదు. తలుపులు మూసిన ఖాళీ గదిలో ఫ్యాను వేసి వదిలేస్తే మోటారు వేడికి గది కొంచెం వేడెక్కుతుంది. మనకు చల్లగా ఉండేది చెమట త్వరగా ఆవిరి కావడం వల్ల.

## ప్రయోగాలు, పరీక్షల ముందు

మా బడిలో సూక్ష్మదర్శిని పనిచేయదు. కణం చూడకుండానే పాఠం చదవాలా?

అక్కర్లేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మను ప్రకాశ్ బృందం రూపొందించిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు సూక్ష్మదర్శిని 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. ఎర్రగడ్డ కణాలు చూడటానికి అది చాలు. పాత లేజర్ పాయింటర్‌లోని చిన్న కటకాన్ని ఫోన్ కెమెరాకు అతికించినా గదుల వరుసలు కనిపిస్తాయి. పొరను నీటిచుక్కలో ముడతలు లేకుండా పరవడంలోనే ప్రయోగం సగం గెలుస్తుంది. గాలి బుడగలు నల్లటి అంచుతో గుండ్రంగా ఉంటాయి, వాటిని కణాలనుకుని బొమ్మ వేసేవాళ్లు ప్రతి తరగతిలో ఉంటారు.

నిర్వచనం పుస్తకంలో ఉన్నట్టే రాయాలా, సొంత మాటల్లో రాస్తే మార్కులు పోతాయా?

పోవు, ముఖ్యమైన పదం ఉంటే చాలు. ద్రవాభిసరణలో "త్వచం", సాంద్రతలో "ఘనపరిమాణం", సామర్థ్యంలో "కాలం" అన్న మాట లేకపోతే మాత్రం ఎంత చక్కగా రాసినా జవాబు అసంపూర్ణమే. ప్రమాణం కూడా మరిచిపోవద్దు. 36 లక్షలు అని రాసి జౌళ్లు అని రాయకపోతే, అవి రూపాయలో ఎకరాలో దిద్దేవాళ్లకు తెలియదు.